ఇసుక అడిగిన పసుపు

సముద్రం చూడనివాళ్లు ఆర్మూర్‌లో ఇంకా చాలామందే ఉన్నారు. మొన్నమొన్నటిదాకా నేనూ వాళ్లలో ఒకదాన్ని. ఇప్పుడు చూసి వచ్చాను కాబట్టి కాస్త గొప్పలు పోతూనే చెబుతాను, ఓపిక పట్టండి.

పసుపు మార్కెట్ పక్కన నాకొక మెస్ ఉంది. హమాలీలు, లారీ డ్రైవర్లు, అడ్తి కమీషన్ దుకాణాల గుమస్తాలు మధ్యాహ్నం నా దగ్గరే తింటారు. శుక్రవారం వంకాయ, ఎండు నెత్తళ్ల కూర. ఆ రోజు బెంచీ మీద చోటు కోసం పెద్దమనుషులు కూడా తోసుకుంటారు. నా చేతి రుచి అంటారు, నేనూ కాదనను. కానీ సగం గొప్ప ఆ నెత్తళ్లది. చిటికెన వేలంత చేపలు, వెండి రంగు పోకుండా ఎండి, కాకినాడ అవతల సముద్రపు ఒడ్డు నుంచి పార్సిల్ లారీలో వస్తాయి. పంపేది నూకరత్నం. ఏళ్లుగా మా ఇద్దరికీ ఫోన్‌లోనే స్నేహం. ముఖాలు చూసుకోలేదు.

ఈ చలికాలం వచ్చిన బస్తాలో ఏదో తేడా ఉంది. వండాక బయటపడింది. హమాలీ గంగారాం మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, "ఎస్తేరక్కా, గిది కూరనా, కొత్తగ ఏసిన రోడ్డా?" అన్నాడు. నిజంగానే తారు వాసన. బెంచీ అంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

వెంటనే ఫోన్ చేసి నూకరత్నాన్ని దులిపేశాను. ఆమె ఎదురు చెప్పలేదు. "నిజమేనక్కా, రోడ్డు మీద ఆరబెట్టాను. ఇసక లేదు. ఇంక పంపన్లెండి. వచ్చే నెల నుంచి రొయ్యల కంపెనీలో పనికి ఎల్లిపోతన్నాను" అంది.

సముద్రం ఒడ్డున ఇసుక లేకపోవడమేమిటి? పసుపు మార్కెట్లో పసుపు లేదని నేను చెబితే ఎవరైనా నమ్ముతారా? ఎవడో ఎక్కువ ధర పెట్టి నా చేపలు లాక్కుపోతున్నాడని అనుమానం వచ్చింది. అనుమానం వస్తే నేను కుదురుగా కూర్చునే మనిషిని కాను. క్రిస్మస్ సందడి అయిపోయింది, మార్కెట్‌కు కొత్త పసుపు రాక ఇంకా మొదలుకాలేదు. మెస్ మా ఆయనకు అప్పగించి, ఆడబిడ్డ సుగుణను వెంటబెట్టుకుని బయలుదేరాను.

సంచిలో నాలుగు కిలోల పసుపు పెట్టుకున్నాను. ఆర్మూర్ నుంచి పోతూ వట్టి చేతులతో ఎలా పోతాం? కొమ్ము విరిస్తే లోపల ఎర్రగా మెరిసేది ఏరి, దగ్గరుండి ఆడించాను. నూకరత్నం వాళ్లు కొన్ని రకాల చేపలకు ఉప్పుతో పాటు పసుపు కూడా రాస్తారని తెలుసు. ఇక మా ఇల్లు చర్చికి పోయే ఇల్లు. మాకు పసుపంటే కూరలోకి వేసేది, పంట, బతుకుదెరువు. బొట్టు, పేరంటం మాకు లేవు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

కాకినాడలో 'అండి'

రైలు దిగగానే ఆకలి. స్టేషన్ బయట ఒక హోటల్లో భోజనానికి కూర్చున్నాం. సర్వర్ కుర్రాడు, "ఏం కావాలండి, అన్నమాండి, చేపల పులుసు బాగుంటాదండి" అంటూ ప్రతి మాటకూ అండి తగిలించాడు. సుగుణ నా చెవిలో, "వదినె, గీ పోరడు మనల్ని ఎక్కిరిస్తున్నడా?" అంది. కాదే, ఇక్కడివాళ్లు ఇంతే మర్యాదగా మాట్లాడతారని చెప్పాను. మా మెస్‌లో "ఏం గావాలె, జల్ది చెప్పు" అని అరుస్తాను నేను. అయినా నా బెంచీలు ఖాళీగా ఉండవు కదా అని ధైర్యం చెప్పుకున్నాను.

పులుసు మాత్రం ఒప్పుకోవాలి. చింతపండు పులుపు ముందు తగిలి, కారం వెనక నుంచి మెల్లగా వచ్చింది. ప్లేటు నూట యాభై. నా దగ్గర తొంభైకి ఇంతకంటే ఎక్కువ అన్నం పెడతాను, ముక్క మాత్రం ఇంత పెద్దది పెట్టలేను. జొన్నరొట్టె ఉందా అని సుగుణ అడిగితే సర్వర్ ఏదో మందు పేరు విన్నట్టు చూశాడు. కాజాలు ఒక కిలో కట్టించుకున్నాం. పాకం కారి సంచీ అంతా జిగురైంది. పసుపు పొట్లాన్ని వేరే కవర్లోకి మార్చాల్సి వచ్చింది.

మొదటి చూపు

ఆటో ఒడ్డు పక్క రోడ్డెక్కగానే సుగుణ నా చేయి గట్టిగా పట్టుకుంది. "వదినె, గిన్ని నీళ్లా! పోచంపాడ్ డ్యామ్ గేట్లన్నీ ఎత్తినా గిన్ని రావు." నేను పెద్దరికం నిలబెట్టుకుంటూనే రెండో చేత్తో ఆటో కమ్మీ పట్టుకున్నాను.

దిగి నీళ్ల దాకా నడిచాం. నిజామాబాద్‌లో కొన్న కొత్త చెప్పులు ఒడ్డున విడిచి, సుగుణ పాదాలు తడుపుకుంటుండగా ఒక అల వచ్చి ఒక చెప్పు పట్టుకుపోయింది. సుగుణ దాని వెంటపడి, "ఏయ్, గది నాదే!" అని సముద్రం మీద అరిచింది. దూరంగా వలలు బాగుచేసుకుంటున్న మగవాళ్లు కడుపు పట్టుకుని నవ్వారు. ఆ ఒంటి చెప్పును మా ఆడబిడ్డ పారేయలేదు. ఆర్మూర్ దాకా తెచ్చింది.

ఫోన్‌లో గొంతు విని నూకరత్నాన్ని భారీ మనిషిగా ఊహించుకున్నాను. ఎదురొచ్చినామె నా భుజం దాకా కూడా రాలేదు. సన్నగా, నల్లగా, చురుగ్గా ఉంది. "అంత దూరం నుంచి తిట్టడానికే వచ్చేరా అక్కా?" అని నవ్వుతూ సంచీ అందుకుంది.

వాళ్ల ఇల్లు ఇప్పుడు సముద్రానికి రెండోది. ఆమె కాపురానికి వచ్చినప్పుడు ముందు ఇంకా రెండు వీధులు ఉండేవట. మొదటి ఇంటికి ఇప్పుడు ఒక గోడే మిగిలింది. ఆ గోడకు వంటింటి అలమర అలాగే ఉంది, వంటిల్లు లేదు. నూకరత్నం వేలు చాపి, "అదుగో, ఆ పడవ తేలతా ఉంది సూడండి, ఆడ నేను నెత్తళ్లు ఆరబెట్టేదాన్ని" అంది.

నేను చూశాను. పడవ కింద నీళ్లే ఉన్నాయి. దారిపొడుగునా మోసుకొచ్చిన అనుమానం అక్కడే వదిలేశాను.

చల్లటి లోతుకు దిగిన చేప

నూకరత్నం భర్త అప్పలరాజు వేట నుంచి అప్పుడే వచ్చాడు. వేట అంటే అక్కడ చేపలకు పోవడం. ఆ రోజు బుట్టలో అడుగు కప్పేన్ని చేపలే ఉన్నాయి. నేను వంట మనిషిని కదా, ఇంత తక్కువేమిటని అడిగేశాను.

"మునుపు తెల్లారగట్ల ఎల్లి బువ్వ టయానికి వచ్చేసేవోళ్లమండి" అన్నాడు. "ఇప్పుడు పైనీళ్లు కాగిపోతన్నాయి. సేప సల్లటి లోతుకి దిగిపోయింది. దాని ఎనకాల మేం పోవాలి. రెండ్రోజులు సముద్రం మీదే. అంత దూరం పోయాక గాలి తిరగబడితే ఇంక సెప్పేదేముంది? ఈ సలికాలంలో వాన పడుద్దని మా నాన్న ఏనాడూ అనలేదు. మొన్న పడింది. సగం ఎండిన సేపంతా పురుగట్టిపోయింది."

"మా దిక్కు గట్లనే అన్నా" అన్నాను. "పసుపు ఉడకబెట్టి కల్లంల ఆరబోస్తరు. ఎన్నడు లేంది రాళ్లవాన. మా రైతులు ఆకాశం జూసుడు బంద్ జేసి ఫోన్‌ల వాన జూస్తున్నరు. తడిసిన పసుపు రంగు దిగుతది, మార్కెట్ల ఎవ్వడు సరిగ్గ ధర కట్టడు."

అప్పలరాజు ఆశ్చర్యపోయాడు. పొలాలవాళ్లకు, సముద్రం లేని ఊళ్లవాళ్లకు ఈ బాధ ఉండదని ఆయన అనుకున్నాడట. మా పసుపు కూడా రోడ్డు మీదే ఆరుతుందని చెబితే ఇంకా ఆశ్చర్యపోయాడు. సగం రోడ్డు మీద పసుపు, మక్కజొన్నలు పోసి చుట్టూ రాళ్లు పేర్చడం మాకు మామూలే. ఉడకబెట్టి, పాలిష్ పట్టేది కాబట్టి పసుపుకు రోడ్డు చెల్లుతుంది. చేప మెత్తటిది, తారు వాసన పీల్చేసుకుంటుంది. నా శుక్రవారం కూరకు జరిగింది అదే.

రాత్రి భోజనంలో పచ్చి నెత్తళ్ల వేపుడు పెట్టింది నూకరత్నం. తల, ముల్లు అన్నీ కరకరలాడాయి. సుగుణ మూడుసార్లు పెట్టించుకుంది. తింటూ ఉండగా నూకరత్నం తన సంగతి చెప్పింది. వాళ్లమ్మ, అత్త, అత్తగారి అత్త, అందరూ చేపలు ఆరబెట్టి బతికినవాళ్లే. రొయ్యల కంపెనీలో రోజంతా ఐసు నీళ్లలో చేతులు పెట్టి తలకాయలు వలవాలి. "ఏలు మొద్దుబారిపోతాయంట. నా ఏళ్లతో సేప ముట్టుకుంటే ఇంకెంత ఎండ కావాలో సెప్తాను నేను. ఆ ఏళ్లు ఇంక దేనికి?" అంది. ఏడవలేదు. అన్నం కలుపుకుంది.

ఇసుక వరస

మర్నాడు పొద్దున్నే నూకరత్నం చేపల వేలంపాటకు వెళ్లింది. మేమిద్దరం ఊరు చూడటానికి బయలుదేరాం. ఊరికి దక్షిణపు చివర సముద్రం ఇంకా కొంచెం ఇసుక వదిలింది. అక్కడ ఆడవాళ్లు వరసగా చేపలు ఆరబెడుతున్నారు. ఒకరి జాగాకూ ఇంకొకరి జాగాకూ మధ్య చిన్న చిన్న రాళ్లు. రిబ్బను లాంటి పొడుగాటి సావళ్ల చేపలు తాళ్ల మీద వేలాడుతున్నాయి. నెత్తళ్లు పాత వలల మీద పరిచి ఉన్నాయి. ఆ వాసనకు సుగుణ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నాకైతే శుక్రవారం మధ్యాహ్నం గుర్తొచ్చింది.

వరస మొదట్లో పైడమ్మ అనే ముసలామె కాకులను తోలుతోంది. ఆమే అందరిలోకీ పెద్దది. "ఏ ఊరమ్మా?" అని అడిగింది.

"ఆర్మూర్. పసుపు పండే ఊరు" అని గర్వంగా చెప్పాను. చెప్పి ఊరుకోకుండా సంచీ విప్పాను. మన సరుకు వీళ్లకు చూపించకపోతే ఇంకెవరికి చూపిస్తాం? "పట్టు అవ్వా, మా ఊరి పసుపు" అంటూ దోసిలితో తీశాను.

పైడమ్మ చేయి చాపలేదు. పసుపు వైపు చూసింది, నా వైపు చూసింది. "ఎవరింట్లో దిగేరు?" అంది.

"నూకరత్నం ఇంట్ల."

ఆమె చాలాసేపు సముద్రం వైపు చూసింది. తర్వాత కొంగు రెండు చేతులా పట్టి నా ముందు చాపింది. దోసెడు పసుపు పోశాను. కొంగు ముడివేసి నడుముకు దోపుకుంది.

అలా వరసంతా పంచుకుంటూ పోయాను. ఎవరూ గలగల మాట్లాడలేదు. ఒక్కొక్కరూ లేచి నిలబడి కొంగు పడుతున్నారు. ఇద్దరు మాత్రం వద్దని తల తిప్పుకున్నారు. ఎంత పొగరని అనుకున్నాను. మిగతావాళ్ల మర్యాద చూసి పొంగిపోయాను. "జూసినవా సుగుణా, మన పసుపుకు ఎంత ఇజ్జత్ ఉన్నదో!" అన్నాను. నాలుగు కిలోలూ అయిపోయాయి. నూకరత్నానికి దాచింది ఒక చిన్న పొట్లమే.

కోపంగా వడ్డించిన అన్నం

మేం ఇంటికి చేరేసరికి వార్త మాకంటే ముందే చేరింది. నూకరత్నం గుమ్మంలో నిలబడి ఉంది.

"ఎవరు పంచమన్నారు నిన్ను? నేనడిగేనా? నా పేరు సెప్పి వరసంతా అడుక్కొత్తావా?"

నాకేమీ అర్థం కాలేదు. "నేనేం అడుక్కున్న? పసుపు ఇచ్చిన. ఇచ్చేది గూడ తప్పేనా?" అని నేనూ గొంతు పెంచాను. అప్పలరాజు ఇద్దరి మధ్యకు వచ్చి, నన్ను అరుగు మీద కూర్చోబెట్టి చెప్పాడు.

"మా ఒడ్డున ఇసక ఎవరి పేరునా ఉండదండి. ఇంటి ముందు ఎంతుంటే అంత ఆ ఇంటోళ్లది. ఇసక లేని ఇల్లు సోటు అడగాలంటే నోటితో అడగదు. ఆ ఇంటి ఆడమనిషో, ఆ ఇంటికొచ్చిన సుట్టమో వరసలో అందరికీ పసుపు పెడతాది. కొంగు పట్టినోళ్లు జరిగి సోటియ్యాలి. ఇష్టం లేనోళ్లు పట్టరు. అంతేనండి."

నేను మా ఊరి సరుకు గొప్ప చెప్పుకుంటూ తిరిగానా, ఈ మనిషి ఇన్నాళ్లూ చంపుకోలేని అభిమానాన్ని బజార్లో పెట్టి వచ్చానన్నమాట. పోయి తిరిగి తీసుకుంటానన్నాను. అది ఇంకా పెద్ద తప్పు అన్నాడు.

నూకరత్నం లోపలికి పోయి అన్నం తెచ్చింది. కోపంగానే వడ్డించింది. ముక్కలు మాత్రం తగ్గించలేదు.

"ఎందుకు అడగలేదు నువ్వు? పద్ధతి ఉన్నదంటున్నరు గద" అని మెల్లగా అడిగాను.

"మా అత్త కాలంలో మా ఇసక మీద ఎంతమంది ఆరబెట్టుకునేవోరో ఈ ఊళ్లో ఎవర్నన్నా అడుగు" అంది. "పసుపు పెట్టినోళ్లందరికీ జరిగేం. అప్పుడు జరగడానికి ఇసకుంది. ఇప్పుడు ఆళ్లకే సాలదు. పోటు వచ్చినప్పుడల్లా కొంత పోతంది. ఆ ఉన్నది నేనడిగితే ఆళ్ల కంచంలో ముద్ద తీసుకున్నట్టు కాదా?"

నిజమే అనిపించింది. కానీ ఒక్కటి మాత్రం నాకు మింగుడు పడలేదు. తప్పు చేసినదాన్ని, ఊరుకోవాలి. కానీ నాకు ఊరుకోవడం రాదు.

"కొంగు పట్టినోళ్లు తెల్వక పట్టిన్రా? నాకైతే తెల్వదు, వాళ్లకు తెల్సు గద. పైడమ్మ ఎంతసేపు ఆలోచించిందో నేను జూసిన. ఇయ్యొద్దనుకున్న ఇద్దరు ముఖం మీదనే వద్దన్నరు. మిగిలినోళ్లు ఇస్తమంటుంటె, వాళ్ల తరఫున వద్దనెటందుకు నువ్వెవరు?"

ఆమె గిన్నెలు తీసుకుని పెరట్లోకి పోయింది. ఆ సాయంత్రం సుగుణ ఒంటి చెప్పు ముందు పెట్టుకుని, "ఊరికి పోదాం వదినె" అని నసిగింది.

జరిగిన రాళ్లు

పొద్దున మేం సంచులు సర్దుకుంటుంటే పైడమ్మ వచ్చింది. గుమ్మం బయటే నిలబడి, "నూకరత్నం, ఓసారి ఇలా రాయే" అంది. ఆమె కదల్లేదు. పైడమ్మ లోపలికి వచ్చి చేయి పట్టుకుని లాక్కుపోయింది. వెనకే మేమూ పోయాం.

వరసలో రాళ్లు జరిగాయి. అందరూ ఒక పక్కకు జరిగినట్టు లేదు. ప్రతివాళ్లూ తమ రాయిని కొంచెం లోపలికి జరుపుకున్నారు, జానెడు ఒకరు, మూరెడు ఒకరు. అలా జరగ్గా జరగ్గా మధ్యలో ఖాళీ ఇసుక మిగిలింది. మనిషి అడ్డంగా పడుకుంటే సరిపోయేంత వెడల్పు. అప్పుడే ఊడ్చినట్టున్నారు, చీపురు గీతలు కనిపిస్తున్నాయి. వద్దన్న ఇద్దరి రాళ్లు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి.

నూకరత్నం ఆ ఇసుక ముందు నిలబడింది. అడుగు పెట్టలేదు. నిన్న అన్న మాటలు ఎక్కువయ్యాయేమో, ఈమె వెనక్కి తిరిగి పోతే ఈ ఊరికి నేను చేసిన నష్టం ఎవరు తీరుస్తారని భయం వేసింది.

పైడమ్మ తన కొంగు ముడి విప్పి చూపించింది. "నీ సుట్టం పసుపు మంచిదేనే. సేతులు కడిగినా రంగు పోలేదు" అంది. తర్వాత గొంతు మార్చి, "మీ అత్త నాకు సోటిచ్చినప్పుడు నేను కొత్త కోడల్ని. నేను పసుపు తెత్తే ఆవిడ తల తిప్పుకోలేదు. నిలబడి సూత్తావేటి, ఎండ పోతాది" అని కసిరింది.

నూకరత్నం వంగి ఇసుక పిడికెడు తీసి వేళ్ల మధ్య నలిపింది. ఇంటి వైపు నడిచింది. తిరిగి వచ్చేటప్పుడు నెత్తిన తడి నెత్తళ్ల బుట్ట ఉంది. ముందు తల తిప్పుకున్న ఆ ఇద్దరి దగ్గరా ఆగి, "ఏం వదినా, టీ తాగేరా?" అని పలకరించింది. అప్పుడు తన ఇసుకలో అడుగు పెట్టింది.

మేమిద్దరం చీర కొంగులు బిగించి వల పరిచాం. చేప మీద చేప పడకుండా ఎలా వెదజల్లాలో నూకరత్నం చూపించింది. సుగుణ ముక్కు మూసుకోవడం మానేసి కాకుల మీదికి ఒంటి చెప్పు విసిరి, మళ్లీ తెచ్చుకుంది. ఆ సాయంత్రం రైలెక్కే ముందు నూకరత్నం నన్ను కావలించుకుంది. "ఇంకోసారి నా పేరు మీద ఏదన్నా పంచేవంటే సముద్రంలో తోసేత్తాను" అంది. కళ్లు తుడుచుకున్నది ఆమె కాదు, నేను.

మళ్లీ ఆర్మూర్

మార్కెట్‌కు కొత్త పసుపు బండ్లు వస్తున్న రోజుల్లో పార్సిల్ వచ్చింది. బస్తా మునుపటిలో సగం లేదు. విప్పితే వెండి రంగు. శుక్రవారం గంగారాం మొదటి ముద్ద తిని, ఇంకా వేయమని పళ్లెం చాపాడు. ఇక నుంచి ఈ కూర నెలకు ఒకటి రెండుసార్లేనని బెంచీకి చెప్పాను. గొడవ చేశారు. సముద్రం నుంచి పడవ దాకా, పడవ నుంచి ఆ జానెడు ఇసుక దాకా అంతా చెప్పాక సద్దుమణిగారు. కాలం కాని కాలంలో వాన పడితే ఆరబెట్టిన సరుకు ఏమవుతుందో మార్కెట్లో ఎవరికీ విడమరిచి చెప్పనక్కరలేదు.

మొన్న నూకరత్నం ఫోన్ చేసింది. చేపలు అందాయా, గంగారాం ఏమన్నాడు, సుగుణ కొత్త చెప్పులు కొనుక్కుందా అని వరసగా అడిగింది. తర్వాత అసలు సంగతికి వచ్చింది.

"అక్కా, మొన్నటి పోటుకి పైడమ్మ ఇసక పోయింది."

నేను చేతిలో గరిటె పక్కన పెట్టాను.

"పొద్దున్నే పసుపు పట్టుకుని వరసలోకి వచ్చింది. అందరికంటే ముందు నేనే కొంగు పట్టేను. రాయి జరిపేను." గొంతు ఎక్కడా వణకలేదు. "నువ్విచ్చిన పసుపే అది, కొంగులో దాసుకుంది ఇన్నాళ్లూ. అక్కా, ఈసారి ఇంకొంచెం ఎక్కువ పంపు. వరసలో అందరికీ కావాల్సొత్తాది."

సరేనన్నాను. ఫోన్ పెట్టేసి, పొయ్యి తగ్గించి, మంచి కొమ్ములు ఏరడానికి మార్కెట్‌లోకి పోయాను.